రంపం మిషన్ పట్టిన మొదటి రోజు

చెట్లు కోసే పనిలో చేరిన మొదటి రోజు అది. ములుగు వైపు ఒక నీలగిరి తోటలో పొద్దంతా రంపం మిషన్ పట్టి, సాయంత్రం హనుమకొండ బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. టికెట్‌కని తీసిన చిల్లర వేళ్ల సందుల్లోంచి జారి బస్సంతా దొర్లింది.

పక్కనున్నామె తన కూతుర్ని చటుక్కున కిటికీ వైపు జరుపుకుంది. "పొద్దుగూకకముందే తాగొచ్చిండు," అంది కండక్టరుతో. అందరూ నన్నే చూశారు. తాగలేదంటే, చేతులెందుకు వణుకుతున్నాయో చెప్పాలి. డిగ్రీ చదివి చెట్లు కోస్తున్నానని చెప్పుకోవడం కంటే ఆ మాట పడటమే నయమనిపించి తల దించుకున్నాను.

ముందు సీట్లోంచి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన లేచొచ్చాడు. "తాగలేదమ్మా. రంపం మిషన్ పడితె చేతులు గిట్లనే వణుకుతయ్. నేను సుత కట్టెలు కోసే సామిల్లుల చేసిన," అని ఆమెతో చెప్పాడు. తర్వాత నా వైపు వంగి, "కొత్తగ చేరినవా బేటా? ఫికర్ జెయ్యకు, జర నీళ్లు తాగు," అంటూ సీసా మూత తీసి ఆయనే నా నోటికి పట్టాడు.

పసివాడిలా తాగాను. "ఏమనుకోకు తమ్మీ," అంటూ ఆమె పాపను మళ్లీ మా మధ్య కూర్చోబెట్టింది. అంతసేపూ ఊరుకున్నందుకు సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆయన ఎక్కడ దిగిపోయాడో కూడా గమనించలేదు. థాంక్స్ చెప్పనేలేదు.

ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. బస్సులో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే, "చెట్లు కోస్త" అంటాను, కొంచెం గట్టిగానే.