బోర్డత్త పట్టుకున్న చెయ్యి

బడి ముందు రోడ్డు దాటించే ఆవిడను పిల్లలంతా బోర్డత్త అంటారు. చేతిలో ‘ఆగుము’ అని రాసిన గుండ్రటి బోర్డు, ఒంటి మీద దర్జీ భర్త కుట్టిచ్చిన నారింజ రంగు కోటు. కోటు మరీ వదులని ఆవిడ, ముందుముందు ఒళ్లొస్తుందని అలా కుట్టానని ఆయన. పదకొండేళ్లుగా ఆ వాదన తెగలేదు. ఆ పదకొండేళ్లలో ఆ రోడ్డు మీద ఒక్క పిల్లవాడి మోకాలైనా గీరుకుపోలేదు.

దాటించేటప్పుడు ఆవిడ పిల్లల ముఖాలు చూడదు, బండ్ల చక్రాలే చూస్తుంది. డ్రైవరు నవ్వినా, చెయ్యూపినా నమ్మదు. చక్రం నిలిచాకే అడుగు. పిల్లల చేతులు మాత్రం వెనక్కి తడిమి పట్టుకుంటుంది.

ఆ సోమవారం రోడ్ల ఇంజనీరు వచ్చాడు. అక్కడ సిగ్నల్ దీపం పెడితే ఇక మనిషెందుకని పైవాళ్ల ఆలోచన. అవునో కాదో ఆయన రాసివ్వాలి. ఆ సంగతి తెలిసే ఆవిడ కోటు ఇస్త్రీ చేసుకుని, మర్యాదగా ఎలా పలకరించాలో ఇంట్లో రెండుసార్లు అనుకుని మరీ వచ్చింది.

ఆయనేమో బండ్లు లెక్కపెడుతూ, కాగితాల్లో తల దూర్చి రోడ్డు మీదికి దిగేశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ చెయ్యి వెనక్కి చాచింది. దొరికింది పట్టుకుంది.

“నడుస్తూ చదవొద్దని ఎన్నిసార్లు చెప్పాను నాన్నా? ఇంటికెళ్లి చదువుకుందువుగాని.”

ఆగినట్టే ఆగిన వ్యాను ఒకటి ముందుకు దూకింది. ఆవిడ ఒక్క లాగు లాగింది. వ్యాను ఆయన బూటు ముందు నుంచి పోయింది.

అవతలికి చేరాక గానీ ఆవిడ తల తిప్పలేదు. తన చేతిలో వాచీ పెట్టుకున్న చెయ్యి, దాని పైన మీసం. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

“సార్... మీరా?”

“నేనే. ఇక వదలొచ్చండీ.”

సాయంత్రం భర్త కత్తెర పక్కన పెట్టాడు. “ఆఫీసరు చెయ్యి పట్టుకుని తిట్టావట?”

“పట్టుకోకపోతే కాలు పోయేదండీ. ఆయన అరచెయ్యి భయంతో మంచుగడ్డలా ఉంది, పాపం.”

“మరి నీ ఉద్యోగం?”

“పోతే పోనివ్వండి. ఇవాళ అందరూ క్షేమంగా దాటారు.”

వారం తర్వాత హెడ్మాస్టరమ్మ పిలిచి ఇంజనీరు రాసిచ్చిన కాగితం చదివి వినిపించింది: ‘దీపం పెట్టవచ్చు. ఆమెను తీయరాదు. ఇందుకు నేనే సాక్షిని.’

నకలు అడిగి తీసుకుని, ఆవిడ కోటు లోపల భద్రంగా దాచుకుంది. అంత కాగితమూ మడత పడకుండా పట్టింది. కోటు వదులుగా ఉండటమే మంచిదైందని మాత్రం భర్తతో ఇప్పటికీ అనలేదు.