పదకొండు అడుగుల స్టూడియోకి తగిన లెన్సు

సముద్రపు తేమ మా విశాఖపట్నంలో దేన్నీ వదలదు. ఇనప గేట్లు తుప్పు పడతాయి, డబ్బాలో ఉప్పు గడ్డ కడుతుంది, లెన్సుల లోపల బూజు పడుతుంది. రెండేళ్ల కిందట, వానలు తగ్గాక ఒక ఉదయం నా జూమ్ లెన్సుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే, గాజు అడుగున సాలెగూడు దారాల్లాంటి తెల్లటి తీగలు కనపడ్డాయి. తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు.

"ఇది పోనాదమ్మా. కడిగించినా మళ్లీ వొచ్చెస్తాది," అన్నారు.

మాస్టారంటే మా స్టూడియో పాత యజమాని. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గరగా, టిఫిన్ సెంటరుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ పదకొండు అడుగుల స్టూడియో ఆయన పెట్టినదే. నేను పద్మనాభం మండలంలోని మా ఊరినుంచి రోజూ బస్సెక్కి వచ్చి, మొదట అక్కడ కంప్యూటర్ మీద పాస్‌పోర్టు ఫొటోల వెనక తెల్లరంగు వేసే పని చేసేదాన్ని. ఆయన మోకాళ్లు మొరాయించాక, పెళ్లిళ్లకి నన్ను పంపడం మొదలుపెట్టారు. తర్వాత స్టూడియో నాకే అప్పజెప్పారు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి కౌంటరు పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుతారు. వచ్చినవాళ్ల కాలరు సరిచేస్తారు.

పెళ్లిళ్ల కాలం దగ్గర పడుతోంది. ఒక్క లెన్సు కొనగలను. ఒక్కటే. అదే పెళ్లికీ పనికిరావాలి, స్టూడియోలో కూర్చోబెట్టి తీసే ఫొటోకీ పనికిరావాలి. నా పాత లెన్సు కెమెరాతోపాటు వచ్చిన చవక రకం. జూమ్ చేసినకొద్దీ వెలుతురు పట్టే దాని కన్ను చిన్నదైపోయేది, మండపంలో మొహాలు నల్లబడేవి. ఈసారి ఆ బాధ లేని మంచిది కొనాలనుకున్నాను. మంచివాటిలో నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి పొడుగు లెన్సు: దూరంగా నిలబడి పెళ్లికూతురి మొహాన్ని దగ్గరికి లాగుతుంది, వెనకనున్న జనాన్ని పాలమీగడలా మెత్తగా మసక చేస్తుంది. రెండోది పొట్టి లెన్సు: గదిలో ఉన్నవాళ్లందరినీ పట్టిస్తుంది, కొంచెం తిప్పితే ఒక్క మొహం దాకా వస్తుంది, అంతకంటే దూరం పోదు.

అడిగిన ప్రతివాళ్లూ పొడుగుదే కొనమన్నారు. మాస్టారి మాటైతే తీర్పులా ఉంది. "సూడమ్మా, పెళ్లంటే పెళ్లికూతురు మొకం. ఎనకున్నదంతా మసకైపోవాల. అది పొడుగు లెన్సే సేస్తాది. మరింకేటి ఆలోసిస్తన్నావు?"

నాకూ మనసు అటే లాగింది. దానికి ఇంకో కారణం ఉంది, ఎవరికీ చెప్పుకోలేదు. ఏ పెళ్లికి వెళ్లినా కెమెరా మెడలో వేసుకున్న నన్ను చూసి, "సార్ రాలేదా అమ్మా?" అని అడిగేవారు. నేనే తీస్తానంటే ఒక్క క్షణం తటపటాయించేవారు. ముంజేతి పొడవుండే ఆ తెల్లటి పొడుగు లెన్సు చేతిలో ఉంటే ఆ ప్రశ్న ఉండదనిపించేది.

ద్వారకా నగర్‌లో కెమెరా షాపుకి వెళ్లాను. కౌంటరు వెనక అతను మర్యాదస్తుడే. పొడుగు లెన్సు బయటికి తీసి చూపించాడు, బరువెక్కువ మేడమ్ అని ముందే హెచ్చరించాడు, ఆఖరికి మీవారిని కూడా తీసుకొచ్చి చూపించండి అన్నాడు. మావారు స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతారు, లెన్సు ఇటునుంచి చూడాలో అటునుంచి చూడాలో ఆయనకి తెలియదని చెప్పాను. అతను నవ్వేసి, అంత అనుమానమైతే కొనకముందు అద్దెకి తీసుకుని చూడమన్నాడు. ఆ ఒక్క సలహాకి అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పొడుగు లెన్సు రెండ్రోజులు అద్దెకి తెచ్చుకున్నాను. మొదటిరోజు మా ఊరి వైపు ఒక పెళ్లి. కోతైన పొలంలో పందిరి వేశారు. కావలసినంత చోటు. జీలకర్రా బెల్లం పెట్టే సమయానికి ముప్పై అడుగుల దూరంలో నిలబడి, పెళ్లికూతురి రెప్పల మీద అక్షింతల గింజ ఒకటి ఆగి ఉండటం తీశాను. అలాంటి ఫొటో అంతకుముందు నా చేత్తో ఎప్పుడూ రాలేదు. ఇంటికొస్తూ బస్సులో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఇక ఇదే అనుకున్నాను.

రెండోరోజు స్టూడియోకి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, ముసలమ్మ. వాళ్లని గోడకానించి నిలబెట్టి కన్ను పెడితే, ముసలమ్మా ఒక పిల్లా తప్ప ఎవరూ పట్టలేదు. వెనక్కి జరిగాను. తలుపు తగిలింది. తలుపు తీసి గుమ్మం దిగాను. కాలవ మీది బండ మీద నిలబడ్డాను. ఇంకా భర్త సగమే పడుతున్నాడు. ఇంకో అడుగు వెనక్కి వేసేసరికి రోడ్డు మీద ఆటో అతను హారన్ కొట్టి, "ఏటమ్మా, రోడ్డు మీద కూకోబెట్టి తీయరాదా," అని పోయాడు. లోపల ఐదుగురూ పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. స్టూడియోలోకి పాతదే వాడుకో, పెళ్లికి ఇది చాలు అన్నారు. పాతది పోయిందని ఆయనే చెప్పారు కదా అని నేను అనలేదు.

ఆ మర్నాడు లెన్సు తిరిగి ఇచ్చేసి వచ్చి, నేను అన్నాళ్లూ చేయని పని ఒకటి చేశాను. నాలుగేళ్లుగా తీసిన పెళ్లి ఫొటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచాను. కెమెరా ప్రతి ఫొటోతోనూ, లెన్సు ఎంతవరకు తిప్పామో అంకెలో రాసి పెట్టుకుంటుంది. నాకు నచ్చినవి, జనం ఫ్రేము కట్టించుకున్నవి ఏరి ఒక్కొక్కదాని కింద ఆ అంకె చూస్తూ పోయాను. పొడుగు లెన్సు అంకెలు మొదలయ్యేలోపే నా ఫొటోలు దాదాపు అన్నీ అయిపోతున్నాయి, అంటే అవి దానికి అందనంత దగ్గరివి. ఒక తల్లి కూతురి జడలో పూలు గుచ్చుతోంది. ముగ్గురు అప్పచెల్లెళ్లు ఒకే అద్దంలోకి తొంగి చూస్తున్నారు. పెళ్లికూతురు తెరచాటున ఆకలికి అరటిపండు తింటోంది. అన్నీ రెండు మూడు అడుగుల దూరంలోంచి తీసినవే.

అప్పుడు అర్థమైంది. మగ ఫొటోగ్రాఫర్లు స్టేజి ముందు నిలబడాలి కాబట్టి వాళ్లకి దూరం కావాలి. నన్ను ఆడవాళ్లు లోపలి గదిలోకి రానిస్తారు. మంచం మీద చోటిచ్చి కూర్చోబెడతారు. నాది దగ్గరి పని. ఎవరో "సార్ రాలేదా" అన్నారని, నా పనికి అక్కర్లేని లెన్సు మోసుకు తిరగబోయాను.

పొట్టి లెన్సు కొన్నాను.

మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, కౌంటరు మీద పెట్టేశారు. రెండ్రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. నేను ఆ రెండ్రోజులూ లెన్సుతో కుస్తీ పట్టాను. బాగా వెడల్పుకి తిప్పితే అంచున నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోతున్నారు. టైలరు కొట్టు అక్కని అంచున నిలబెట్టి తీస్తే, భుజం గుమ్మడికాయంత వచ్చింది, తిట్టింది. అందుకని సన్నటివాళ్లని అంచుల్లోనూ పెద్దవాళ్లని నడిమధ్యా నిలబెట్టడం అలవాటు చేసుకున్నాను. ఒక్కరి మొహం తీయాలంటే చివరిదాకా తిప్పి, వాళ్లని గోడకి ఆరడుగులు ముందుకి జరిపితే, మా పదకొండు అడుగుల్లోనే వెనక గోడ మెత్తగా కరిగిపోయింది.

తర్వాతి వారం విశాఖలోనే పాత ఊరు అనే పేట నుంచి ఒకాయన వచ్చారు. ట్రంకు పెట్టెలు చేసే పనివారు. చేతుల నిండా రేకు కోసిన గీతలు. కూతురి నిఖాకి ఆడవాళ్ల వైపు తీయడానికి ఆడమనిషి కావాలన్నారు. మగవాళ్ల వైపు వేరే వాళ్లని మాట్లాడుకున్నారట. ఒక్క షరతు పెట్టారు: లోపలి గదిలో తీసినవి ఎవరి ఫోనులోకీ, స్టూడియో ముందరి అద్దాల పెట్టెలోకీ వెళ్లకూడదు. మాటిచ్చాను.

ఆ ఇల్లు సందులో సందు. మేడ మీద ఒకటే గది, అందులో పెళ్లికూతురు చుట్టూ ఇరవైమంది ఆడవాళ్లు. అత్తరు, మల్లెలు, కింద దమ్ము పెట్టిన బిర్యానీ వాసన. వెనక్కి జరగడానికి చోటే లేదు, వీపు బీరువాకి ఆనింది. అయినా అందరూ పట్టారు. సన్నటి పిల్లల్ని ముందే అంచులకి పంపేశాను కదా. పెళ్లికూతురి అమ్మమ్మ మాత్రం కెమెరా చూస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకునేది. నేను కెమెరా దించి ఆవిడ పక్కనే కూర్చున్నాను. మా ఊరు, మా పంటలు అడిగింది. కాసేపటికి తనే, "సరేలే, ఒకటి తియ్. పళ్లు లేవని నవ్వకూడదు మరి," అంది. లెన్సు చివరిదాకా తిప్పాను. కిటికీ వెలుతురులో ఆవిడ మొహం మీది ప్రతి ముడతా వచ్చింది, వెనక గది అంతా మెత్తబడిపోయింది. చూపిస్తే ఆవిడే నోరారా నవ్వింది.

అసలు ఘడియ సాగనంపేటప్పుడు వచ్చింది. ఇంకా ఎండ ఉంది. మెట్లు దిగితే వీధి తలుపు దాకా మూడడుగుల వెడల్పు నడవా. వీధిలో మగవాళ్ల వైపు ఫొటోగ్రాఫరు తన తెల్ల లెన్సు ఎక్కుపెట్టి నిలబడ్డాడు. పొద్దున నన్ను చూసి, అదొక్కటేనా అక్కా అని జాలిపడ్డ కుర్రాడే. నేను పెళ్లికూతురి కంటే ముందు దిగి నడవా గోడకి అతుక్కున్నాను. ఆ అమ్మాయి ఆఖరి మెట్టు దిగేసరికి తండ్రి ఎదురు వచ్చారు. రోజంతా బిర్యానీలు, కుర్చీలు, ఆటోలు అంటూ అరిచిన మనిషి ఆమె ముందు ఆగారు. కూతురి కోసం తను చేసిన పెట్టె తాళంచెవి జేబులోంచి తీసి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు. మూసి, ఆ పిడికిలిని వదల్లేకపోయారు. ఆమె తల వంచి ఆయన చేతుల మీద నుదురు ఆనించింది.

వాళ్లిద్దరికీ నాకూ మధ్య రెండడుగుల దూరం కూడా లేదు. రెండు మొహాలు, నాలుగు చేతులు, ఆ తాళంచెవి చివర, వెనక మెట్ల మీద కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు, అన్నీ ఒక్క ఫొటోలో వచ్చాయి. నాలుగు తీశాను. రెండోదే అసలైనదని నొక్కిన వేలికే తెలిసిపోయింది. వీధిలో కుర్రాడికి జనం వీపులే పడ్డాయి. తర్వాత నా దగ్గరికొచ్చి, "అక్కా, నాకేటీ కనబడలేదు. నీకు వొచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ తండ్రి స్టూడియోలోనే విప్పి చూశారు. ఆ పేజీ దగ్గర ఆగిపోయారు. "దాని సెయ్యి ఇంతలా పట్టుకున్నానని నాకే తెల్దమ్మా," అన్నారు. దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నారు, లోపలి గదిలో పెట్టుకుంటానన్నారు. ఆ ఫొటోని తనే మాస్టారి ముందు పెట్టి, మీరూ చూడండి, మీ శిష్యురాలు తీసింది అన్నారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. ఆ తండ్రి వెళ్లిపోయాక మాస్టారు నాతో అన్నారు: "నాను నీకు తప్పు సెప్పినానమ్మా. దూరంనుంచి ఇది వొచ్చీది కాదు."

ఆ ఒక్క మాటకి ఆ రోజు అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

ఇచ్చిన మాట ప్రకారం ఆ ఫొటో నేను ఎక్కడా పెట్టలేదు. పెట్టనక్కర్లేకపోయింది. ఆ గదికి వచ్చిన ఆడవాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ పెళ్లిళ్ల కాలంలోనే పాత ఊళ్లో తొమ్మిది నిఖాలు చేశాను. ఆ కుర్రాడే ఫోన్ చేసి, ఇకనుంచి తను ఒప్పుకున్న ప్రతి పెళ్లిలోనూ ఆడవాళ్ల వైపు నన్నే రమ్మన్నాడు. పని ఎక్కువైపోయి, నాలాగే కంప్యూటర్ మీద మొదలుపెట్టిన ఇద్దరమ్మాయిల్ని చేర్చుకున్నాను. ఇద్దరికీ మొదటి పాఠం నేను చెప్పబోతే మాస్టారు అడ్డుపడి తనే చెప్పారు: లెన్సు ఏది కొనాలో షాపువాణ్ని అడక్కండి, నన్నూ అడక్కండి, మీరు తీసిన ఫొటోల్ని అడగండి అని.

మొన్న మాఘంలో ముగ్గురం కెమెరాలు వేసుకుని బీచి రోడ్డులో ఒక పెద్ద హాలుకి వెళ్లాం. గేటు దగ్గర పెళ్లికొడుకు మేనమామ మమ్మల్ని చూసి గబగబా ఎదురొచ్చాడు. లోపల ఆడవాళ్లంతా మీకోసమే చూస్తున్నారమ్మా అని, తనే ముందు నడిచి జనాన్ని పక్కకి జరుపుతూ దారి చేశాడు.