మూడోసారి అడగని హోటలు

ఫోను మీద వేలు పెడితే గుమ్మంలోకి బిర్యానీ వచ్చే కాలం కాదది. ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలవుతున్న ఆ రోజుల్లో మా తెనాలి కుర్రాళ్ళకి బయట తినడం అంటే రెండే రకాలు. ఒకటి బస్టాండు పక్కన బండి మీద అట్టు, రెండోది ఎవరో ఒకరి పెళ్ళిభోజనం. నేను పనిచేసేది మైకు సెట్టు షాపులో కాబట్టి రెండో రకానికి కొదవ లేదు. (పిలవని పెళ్ళికి దర్జాగా వెళ్ళి, పెళ్ళికొడుకు కంటే ముందు పంక్తిలో కూర్చునే హక్కు ఈ దేశంలో మైకు సెట్టు వాడికొక్కడికే ఉంది.) ఇవి కాక మూడో రకం ఒకటుందని, పట్నంలో ఏసీ గదిలో మనిషికో గుడ్డ మడతపెట్టి ఇచ్చి, దీపాలు తగ్గించి మరీ అన్నం పెడతారని వినడమే తప్ప చూసింది లేదు. దీపాలు ఎందుకు తగ్గిస్తారో మా షాపులో ఎవరికీ తెలీదు. వైరింగు లోపం అయ్యుంటుందని నేను చెబుతుండేవాణ్ణి, అందరూ నమ్ముతుండేవాళ్ళు.

మాది రేపల్లె. నాకు లెక్కలు రావని తొమ్మిదో తరగతిలో మా లెక్కల సారు అన్నారు, నేనూ అవునన్నాను. మా ఇద్దరికీ అభిప్రాయం కలిసిన మొదటి విషయం అదే కావడంతో దాన్ని గౌరవించి బడి మానేశాను. తెనాలిలో మా బాబాయికి మైకు సెట్టు షాపుంటే అందులో చేరి, ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి హారన్లు కట్టడంలోనూ, ఆంప్లిఫయరు విప్పి మళ్ళీ బిగించడంలోనూ పేరు తెచ్చుకున్నాను. (బిగించాక ఒకటి రెండు మరలు మిగిలేవి. అయినా అది పాడేది, నేనేం చెయ్యను.)

అలా ఒకసారి బాపట్లలో చర్చి పండగకి మైకు కట్టడానికి వెళ్ళినప్పుడు, పాట పాడటానికి ఒకమ్మాయి స్టాండు ముందుకొచ్చి, "కొంచెం దించండి" అంది. మైకు ఆ పిల్ల నుదుటి దగ్గరుంది. "ఫర్వాలేదండి, అందుతుంది" అన్నాను. "అందట్లేదండి, దించండి" అంది. "సరిగ్గానే ఉందండి" అన్నాను. "ఏమండీ, నేను పాడాలా, గెంతాలా?" అంది మూడోసారి. అప్పుడు దించాను. ఆ గొంతు మూడుసార్లు వినడానికే అంత సేపు పట్టించానని ఎవరికీ చెప్పలేదు గానీ, రేపల్లె వెళ్ళి మా అమ్మ దగ్గర మాత్రం ఆ పిల్ల ఎవరో కనుక్కోమన్నాను.

వాళ్ళ నాన్నగారు బళ్ళో మాస్టారు, సంఘంలో పెద్ద. ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. నాకు చదువు లేదంటే, "చేతిలో పనుంది కదా" అన్నారట. ఇల్లు చిన్నదంటే, "ఇద్దరికి ఎంత కావాలి" అన్నారట. అన్నీ ఒప్పుకుని ఒక్కదాని దగ్గర ఆగారు. మైకు సెట్టు వాళ్ళు ఊరూరా తిరుగుతారు, పందిళ్ళలో పడుకుంటారు, తాగకుండా ఉంటారా అని. తాగేవాడికి మాత్రం పిల్లనివ్వనన్నారు. "మా అబ్బాయి హైదరాబాదులో బ్యాంకులో చేస్తున్నాడు. ఒకసారి వాణ్ణి కలవమనండి, వాడు సరేనంటే నాకూ సరే" అని కబురు పంపారు.

సరిగ్గా అదే వారం బాబాయి కోఠీ నుంచి స్పీకరు సామాను తెమ్మన్నాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. హైదరాబాదు, ఏసీ హోటలు, కాబోయే బావగారు, మూడూ ఒకే ప్రయాణంలో. బాబాయి మాత్రం సోల్డరింగు చేస్తూ తల ఎత్తకుండానే, "ఎగరమాకరా. అది విందు కాదు, పరీక్ష. తీసుకెళ్ళి బీరు పోస్తానంటాడు. వద్దను, గండం గడుస్తుంది" అన్నాడు.

"అదెంత పని బాబాయ్" అన్నాను. అప్పటికి బీరు ఒక్కసారి రుచి చూసి, కుంకుడుకాయ రసమనుకుని ఉమ్మేసినవాణ్ణి.

మా అమ్మ తన వంతు తను చెప్పింది. చిన్నప్పటి నుంచీ చెబుతున్నదే. ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి పొట్ట మీద చెయ్యేసుకుని వద్దనాలి. మూడోసారి 'సరే, కొంచెం' అనాలి. "మొదటిసారికే చెయ్యి చాపితే ఇంట్లో తిండి లేదనుకుంటారు నాన్నా. మూడోసారి కూడా వద్దంటే పొగరనుకుంటారు" అంది. రేపల్లెలో పెట్టేవాళ్ళకీ తినేవాళ్ళకీ ఈ లెక్క తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ ఆకలితో లేచిన దాఖలా లేదు. నాకు వచ్చిన ఒకే ఒక్క లెక్క అదే.

హైదరాబాదులో దిగాక పొద్దున రెండు ఇడ్లీలు తిని, సాయంత్రం విందుకి చోటుండాలని మధ్యాహ్నం భోజనం మానేశాను. కోఠీలో సామాను తిరిగి తిరిగి కొని, ఆరు గంటలకి బ్యాంకు బావగారు చెప్పిన చోటుకి చేరాను. (అప్పటికి ఆయన నాకు బావ కాడు, అయినా దారిలో నాలుగుసార్లు బావగారూ అని అభ్యాసం చేసుకున్నాను.) పలచటి మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "రండి బ్రదర్" అని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళారు.

ఏం చెప్పను. తలుపు తీయగానే డిసెంబరు నెల ఎదురొచ్చింది. గాజు తొట్లో ఎర్ర చేపలు తిరుగుతున్నాయి, గుడ్డలు నిజంగానే మడతపెట్టి గ్లాసుల్లో నిలబెట్టారు, దీపాలు నిజంగానే తగ్గించారు. సీలింగులో ఇరవై అడుగులకొకటి చొప్పున స్పీకర్లు బిగించి సన్నగా ఏదో వాయిద్యం వినిపిస్తున్నారు. వంటగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా మసాలా వాసన ఒకటి వచ్చి నన్ను పలకరించి వెళ్తోంది. నా గుండె వూఫరులా కొట్టుకుంటోంది.

"సూపు తాగుతారా బ్రదర్?" అన్నారు బావగారు.

"వద్దండి" అన్నాను, మర్యాదగా, మొదటిసారి.

"ఓకే. ఒక సూపు" అన్నారు సర్వరుతో.

నేను రెండో ప్రశ్న కోసం చూశాను. ఆయన మెనూ కార్డు చూస్తున్నారు. సరే, సూపే కదా, నీళ్ళే కదా అనుకున్నాను. తర్వాత ఎర్రగా, కరివేపాకుతో, నూనె ఇంకా చిటపటలాడుతూ ఒక ప్లేటు చికెన్ వచ్చింది. "తీసుకోండి" అన్నారు. "వద్దండి, మీరు కానివ్వండి" అన్నాను. ఆయన కానిచ్చారు. ఒక్కొక్క ముక్కా ఫోర్కుతో గుచ్చి, హాయిగా, ఊళ్ళో కబుర్లు అడుగుతూ కానిచ్చారు. మీటరులో ముల్లులాగా నా కళ్ళు ఆ ప్లేటుకీ ఆయన నోటికీ మధ్య ఊగుతూనే ఉన్నాయి. చేప ముక్కలు వచ్చాయి. "ఫిష్?" "వద్దండి." వెళ్ళిపోయాయి. ఆ మనిషి బాపట్లలో పుట్టి పెరిగినవాడే. ఆరేళ్ళ పట్నవాసం ఆయనలో రెండోసారి అడిగే అలవాటుని ఎక్కడో కడిగేసింది. వద్దంటే వద్దనే అర్థమని ఎవరో ఆయనకి నేర్పారు.

అప్పుడు వచ్చింది బీరు. చెమటలు పట్టిన సీసా తెచ్చి సర్వరు మధ్యలో పెట్టాడు. బావగారి గ్లాసులో మాత్రం నిమ్మకాయ సోడా. పరీక్ష మొదలైందని తెలిసిపోయి నిటారుగా కూర్చున్నాను.

"కొంచెం బీరు తీసుకోండి బ్రదర్."

"వద్దండి." ఆ పూట నేను చెప్పిన మొదటి నిజమైన వద్దు అది. లోపల బాబాయి చప్పట్లు కొడుతున్నాడు.

"అబ్బే, ఎండన పడి తిరిగొచ్చారు. చల్లగా ఉంటుంది."

పొట్ట మీద చెయ్యేసుకున్నాను. "వద్దండి, నిజంగా."

అక్కడితో ఆపి ఉంటే నా జీవితం నల్లేరు మీద బండి. కానీ వాళ్ళ నాన్న ఉత్తరంలో ఏం నూరిపోశారో, ఆయన సీసా ఎత్తి పట్టుకుని, కాస్త ముందుకి వంగి, "నాకోసం. ఒక్క గ్లాసు" అన్నారు.

ఆ సాయంత్రం మొత్తం మీద నన్ను మూడోసారి అడిగిన ఒకే ఒక్క వస్తువది. సూపు అడగలేదు, కోడి అడగలేదు, చేప అడగలేదు. మూడో పిలుపు చెవిన పడేసరికి మా అమ్మ ఇరవై మూడేళ్ళ పెంపకం లోపల్నించి లేచి, నన్ను అడక్కుండానే నా నోటితో, "సరే, కొంచెం పొయ్యండి" అనేసింది.

బావగారి ముఖం మూసుకున్న బ్యాంకు కౌంటరులా అయిపోయింది. గ్లాసులో పోశారు. పోశాక తాగకపోతే పెట్టినవాళ్ళని అవమానించినట్టని (అది కూడా మా అమ్మ చెప్పిందే) కళ్ళు మూసుకుని తాగాను. కుంకుడుకాయ రసమే, కాకపోతే చల్లటిది. పొద్దున్నించీ ఖాళీగా ఉన్న పొట్టలోకి అది దిగిన అయిదు నిమిషాలకి, ఆ గదిలో ఎడమవైపు రెండో స్పీకరు లోపలి కాగితం కోను చిరిగిపోయి గరగరమంటోందన్న సంగతి నాకు మహా స్పష్టంగా వినపడింది. అన్యాయంగా కూడా అనిపించింది. ఇంత పెద్ద హోటలు, ఇన్ని చేపలు, స్పీకరు చూసేవాడు లేడా అని. సర్వరు 'సార్ సార్' అంటుండగానే కుర్చీ ఎక్కి, చెవి సీలింగుకి ఆనించి, చేతిలో చెంచా నోటి దగ్గర పెట్టుకుని, "హలో, మైక్ టెస్టింగ్" అన్నాను. చుట్టూ బల్లల వాళ్ళు ఫోర్కులు ఆపి చూశారు. నన్ను దించి కూర్చోబెట్టాక బిర్యానీ వచ్చింది. బావగారు నేల చూపులు చూస్తూ, "బిర్యానీ?" అన్నారు. నేను ఏమన్నానో మీకు తెలుసు.

బయటికొచ్చి, ఆయన ఆటో ఎక్కి మలుపు తిరిగాక, బండి దగ్గర నిలబడి పన్నెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. అక్కడ నన్నెవరూ ఒక్కసారి కూడా అడగలేదు. ఎంత సుఖమో.

వారం తర్వాత మాస్టారి నుంచి బాబాయికి ఉత్తరం వచ్చింది. మూడు ముక్కలు. అబ్బాయి ఏమీ తినడట. తాగుతాడట. తాగితే కుర్చీలెక్కుతాడట. మూడూ నిజమే. "తిండి మానేసి తాగుతున్నాడంటే ఎంత ముదిరినవాడో అనుకోరూ?" అని బాబాయి ఉత్తరం మడిచి ఆంప్లిఫయరు కింద పెట్టాడు. ఆ తర్వాత రెండు రోజులూ షాపులో ఏ స్పీకరు తట్టినా 'కొంచెం దించండి' అన్నట్టే వినపడింది. మూడో రోజు ఆదివారం. బాబాయితో చెప్పకుండా బాపట్ల వెళ్ళాను.

ఆరాధన అయిపోయి మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చెప్పాను, సూపు నుంచి బజ్జీల దాకా, మా అమ్మ లెక్కతో సహా. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. విని నమ్మారో లేదో తెలీనివ్వలేదు. లోపల్నించి గారెల వాసన, కోడికూర వాసన కలిసి వస్తున్నాయి.

"గారెలు తింటావా అబ్బాయ్?" అన్నారు.

"వద్దండి" అన్నాను. అన్నాక నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

ఆయన మళ్ళీ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నారు. నా పెళ్ళి ఆ రోడ్డు మీదుగానే రైలుస్టేషనుకి నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"నాన్నా, ఇంకోసారి అడగండి" అంది లోపల్నించి ఆ గొంతు.

"అడిగాను కదమ్మా."

"ఇంకోసారి."

"తింటావా?" అన్నారాయన నా వైపు తిరక్కుండానే. నా చెయ్యి దానంతటది పొట్ట మీదికి వెళ్ళింది. "వద్దండి."

ఈసారి ఆయన తిరిగి, పొట్ట మీది చేతిని చూశారు. ఆ పిల్ల పళ్ళెంలో ఆరు గారెలు, గిన్నెలో కూర తెచ్చి నా చేతిలో పెట్టేసి, "మూడోసారి నేనడుగుతున్నాలెండి. మైకు కూడా ఈయన మూడోసారికే దించారు నాన్నా" అంది.

మాస్టారి భుజాలు కదిలాయి. మొదట దగ్గనుకున్నాను, చూస్తే నవ్వు. "పోయిన వేసవిలో హైదరాబాదులో మావాడింటికెళ్ళాను" అన్నారు, గొంతు తగ్గించి. "నాలుగు రోజులున్నాను. వాడూ కోడలూ మంచివాళ్ళే, ఇద్దరూ ఒక్కసారే అడుగుతారు. తిరుగు రైలెక్కేముందు స్టేషన్లో డజను అరటిపళ్ళు తిన్నాను. మీ అత్తయ్యకి ఇంతవరకు చెప్పలేదు."

మీ అత్తయ్య అన్నారాయన. మొదటి గారె తుంచి కూరలో ముంచాను.

"అది సరే. ఇక ముందు ఎవడన్నా బీరు మూడోసారి అడిగితే ఏం చేస్తావు?"

నాలుగోసారి అడిగేదాకా ఆగుతానండి అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎలా మింగానో గానీ, "రెండోసారికే లేచి వచ్చేస్తానండి" అన్నాను. ఈ రోజు వరకు ఆ మాట తప్పలేదు.

ఈమధ్య మేమిద్దరం హైదరాబాదు వెళ్తే, రిటైరైన బ్యాంకు బావగారు అలాంటి హోటలుకే తీసుకెళ్ళారు. దీపాలు ఇంకా తగ్గించే ఉన్నాయి. సర్వరు కోడి ముక్కలు తెచ్చి నన్నడిగితే నేను వద్దన్నాను. మా ఆవిడ మెనూలోంచి తలెత్తకుండానే, "ఆయన్ని అడక్కు బాబూ, పెట్టెయ్యి" అంది. ఇంత వయసొచ్చినా ఆవిడ నోరు మారలేదు. పక్క బల్ల దగ్గర సన్నటి కుర్రాడొకడు, మరీ బిగుసుకుపోయి, ముందున్న ప్లేటు వంక చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లేచి వెళ్ళి భుజం తట్టి, "తినరా నాన్నా, ఇది మూడోసారే అనుకో" అందామనిపించింది. కానీ వెళ్ళలేదు. నాకు తెలుసు, వాడు వద్దంటాడు.