మెత్తని బ్రష్షు

ఒమాన్ వచ్చి అప్పటికి నెలే అయింది. ఇబ్రి బస్టాండు నల్లా దగ్గర గడ్డం గీసుకుందామంటే, గట్టి సబ్బుబిళ్ల మీద బ్రష్షు ఎంత తిప్పినా నురుగు రాలేదు. సబ్బును తిట్టుకుంటున్నాను.

పక్కన గడ్డం తడుపుకుంటున్న పెద్దమనిషి నవ్వాడు. మాట మా జగిత్యాల దిక్కుదే.

"సబ్బుదేం తప్పు తమ్మీ? నీ బ్రష్షు మెత్తగున్నది. దీనికి క్రీమయితె మంచిగుంటది."

తన ట్యూబు తీసి నా అరచేతిలో కొంచెం పిండి, నా బ్రష్షుతోనే గుండ్రంగా తిప్పాడు. వెన్నలాంటి నురుగు వచ్చింది.

"ట్యూబు నువ్వే ఉంచుకో, ఆ సబ్బు నాకియ్యి. నా బ్రష్షు గట్టిది, దానికి సరిపోతది" అన్నాడు.

బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. నల్లా దగ్గర ఆయన నా సబ్బును బుగ్గలకు చేత్తోనే రుద్దుకుంటున్నాడు. ఆయన దగ్గర బ్రష్షే లేదు.

ఇప్పటికీ నేను నురుగు అరచేతిలోనే కలుపుకుంటాను.