ఒకే పేరున్న రెండు ర్యాములు

ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి, లోపలున్న రెండు ర్యాములనూ బయటికి తీసి, మా భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసి నిర్ఘాంతపోయాను. రెండింటి మీదా ఒకే కంపెనీ కాగితం అతికించి ఉంది. ఆ కాగితాల పక్కన కనబడుతున్న నల్లటి చిప్పులు మాత్రం రెండు వేరువేరు కంపెనీలవి.

ఇంత చిన్న సంగతికి నేనెందుకు అంత నిర్ఘాంతపోయానో తెలియాలంటే మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో జత తప్పిన వస్తువు ఉండకూడదు. శ్రీకాకుళం వైపు మాకు రెండు ఊళ్ళ మీద శిస్తు వచ్చే రోజుల్లో పుట్టిన పద్ధతి అది. వెండి గిన్నెల్లో ఒకటి సొట్టపోతే మిగిలినవన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేసేవారు. ఇచ్చినదాన్ని మళ్ళీ అడగకపోవడం ఆ పద్ధతిలో రెండో సగం. తరవాత ఊళ్ళు పోయాయి, కోర్టుల్లో ఇల్లు పోయింది, మా నాన్నగారు జంషెడ్‌పూర్ వచ్చి కార్ఖానాలో గుమాస్తాగా చేరారు. పద్ధతి మాత్రం ఆయనతో పాటు రైలెక్కి వచ్చేసింది. క్వార్టర్లో ఒక పింగాణీ కప్పు పగిలితే మిగతా కప్పులు పనిమనిషికి వెళ్ళిపోయేవి. మేము స్టీలు గ్లాసుల్లో టీ తాగేవాళ్ళం. చూసినవాళ్ళు లేనివాళ్ళమనుకునేవారు. అనుకోనిచ్చేవాళ్ళం.

నేను అదే కార్ఖానాలో డ్రాయింగ్ ఆఫీసులో చాలాకాలం పనిచేసి, ముందుగానే ఉద్యోగం వదిలేసి, క్వార్టరు ఖాళీ చేసి బిర్సానగర్‌లో అద్దె ఇంటికి వచ్చాను. ఇంట్లో కూర్చుని కాంట్రాక్టర్లకు డ్రాయింగులు గీసి ఇవ్వాలని నా ఉద్దేశం. చాలా నెలలు ఎవరూ సొంతంగా పని ఇవ్వలేదు. చివరికి ఆదిత్యపూర్‌లో ఒక సంస్థవాళ్ళు, బొగ్గు మోసే కన్వేయరు బెల్టు నడిచే ఉక్కు గ్యాలరీ డ్రాయింగు మొత్తం కంప్యూటర్లో తయారుచేసి మా ముందు తెరిచి చూపించండి, నచ్చితే మా డ్రాయింగులన్నీ మీకే, అన్నారు. నచ్చకపోతే నాకు ఒకటే దారి మిగులుతుంది. నా దగ్గర పెన్సిలు చెక్కడం నేర్చుకున్న ఒకతను ఇప్పుడు పెద్ద ఆఫీసు పెట్టాడు. తన దగ్గర నాకొక కుర్చీ ఖాళీగా ఉంచానని రెండుసార్లు కబురు పెట్టాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే నాకు కంటికి కునుకు లేకుండా చేసింది.

నా ల్యాప్‌టాప్ పాతది, ఒకరు వాడి అమ్మినది. అందులో రెండొందల యాభై ఆరు ఎంబీ ర్యామ్ ఒకటి, పక్కన ఒక ఖాళీ స్లాటు. గ్యాలరీలో మొదటి భాగాలు గీసి తెరిచేసరికే మిషను బిగుసుకుపోయేది. అందుకని జుగ్సలాయిలో మా బావమరిది దుకాణానికి వెళ్ళాను. మా ఆవిడకు తమ్ముడు. వాళ్ళది పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. కింద ఎండుమిరపకాయల గోదాము, పైన అతని కంప్యూటర్ల దుకాణం. మెట్లెక్కేలోపే తుమ్ములు వస్తాయి.

"ఏటి బావగారూ, ఇంత కాసింత మెమరీతో గ్యాలరీ అంతా తెరుత్తారా?" అన్నాడు. "ఖాళీ స్లాట్లో అయిదొందల పన్నెండుది ఒకటి పడేత్తే చాలు."

"ఏ కంపెనీది?"

"నా దగ్గరున్న కంపెనీది."

"లోపల ఉన్న కంపెనీదే కావాలి."

"అది దొరకదు. చలేగా బావగారూ, ఏదైనా నడిచిపోతాది. దీని పని ఇది చేత్తాది, దాని పని అది చేత్తాది. లోపల కూకుని ఒకదాని పేరు ఒకటి అడుక్కుంటాయా ఏటి?"

"అవి అడుక్కోకపోయినా నాకు తెలుస్తుంది కదా. పాతది తీసెయ్. ఒకే కంపెనీవి కొత్తవి రెండు తెప్పించు."

"పాతది శుభ్రంగా పని చేత్తంది."

"నువ్వే ఉంచుకో. జత లేనిది నాకొద్దు."

అతను దుకాణంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగి, మా బావగారు ర్యామ్‌కి కూడా గోత్రం అడుగుతారు అని హిందీలో చెప్పాడు. వాళ్ళు నవ్వారు. నేను నిటారుగా కూర్చున్నాను. అది నాకు అలవాటే.

కలకత్తా నుంచి ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకే రకం పెట్టెల్లో రెండు వచ్చాయి. బావమరిది వాటిని బిగించి, పాతదాన్ని తన దుకాణంలోని ల్యాప్‌టాప్‌కి పెట్టుకున్నాడు. చిన్న చిన్న డ్రాయింగులు హాయిగా తెరుచుకున్నాయి. గ్యాలరీని ముక్కలు ముక్కలుగా గీసుకుంటూ పోయాను. అన్నీ కలిపి మొత్తం తెరిచింది మాత్రం చూపించాల్సిన రోజుకు ముందురోజు పొద్దున.

తెర నీలంగా మారింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి. మిషను తనంతట తనే ఆగిపోయి మళ్ళీ మొదలైంది. ఇంకోసారి తెరిచాను. మళ్ళీ నీలం. మా ఆవిడ వచ్చి నా మొహమూ, ఆ నీలం తెరా చూసి తమ్ముడికి ఫోన్ చేసింది.

అతను ర్యామ్ పరీక్ష చేసే సీడీ తీసుకుని స్కూటర్ మీద వచ్చాడు. రెండూ ఉంచి పరీక్ష పెడితే తెర నిండా ఎర్రటి గీతలు. ఒకటి తీసేసి ఒక్కటే ఉంచితే ఏ తప్పూ లేదు. దాన్ని తీసి రెండోది పెడితే అదీ బాగానే ఉంది. రెండూ కలిపితే మళ్ళీ ఎర్రగీతలు.

"ఏటిదండీ ఇది. ఒకటే పెట్టె, ఒకటే లేబులు. నేనే నా చేత్తో విప్పాను," అన్నాడు. అతని గొంతులో వేళాకోళం పోయింది.

అప్పుడే రెండింటినీ బల్ల మీద పెట్టాం. డ్రాయింగుల మీద సన్నటి అంకెలు చదవడానికి వాడే భూతద్దం తీసి చిప్పుల మీద పెట్టాను. ఒకదాని మీద ఒక గుర్తు, రెండోదాని మీద వేరే గుర్తు. నమ్మలేక మళ్ళీ చూశాను. భూతద్దం బావమరిదికి ఇచ్చాను. అతను చాలాసేపు వంగి చూసి, లేచి, కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే ఈ కంపెనీ చిప్పులు తయారుచెయ్యదా?" అన్నాను.

"లేబుళ్ళు తయారుచేత్తాదేమో."

ఇద్దరమూ నవ్వలేదు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది.

"ఇన్నేళ్ళ నుంచి జత, జత అని అమ్ముతున్నాను బావగారూ," అన్నాడతను. "ఎవులికి ఏటి అమ్మానో."

ఒక్కదానితో ప్రయత్నించాం. గ్యాలరీ ముప్పాతిక వంతు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది. కలకత్తా నుంచి ఇంకోటి తెల్లారేలోగా రాదు. అతని దుకాణంలో ఉన్న విడి ర్యాములన్నీ ఈ మిషనుకు పనికిరాని రకం. పనికొచ్చేది ఒక్కటే ఉంది. అదెక్కడుందో నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. అతను స్క్రూడ్రైవరు మొన చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

"రెండొందల యాభై ఆరుది ఒకటుంది," అన్నాడు చివరికి. "మూడో కంపెనీది. జత కాదు మరి."

"ఎవరిది?"

"నాదే. మా బావగారిచ్చారు."

మా ఇంట్లో ఇచ్చినది తిరిగి తీసుకున్నవాళ్ళు లేరు. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా, ఎప్పుడో ఇచ్చేసిన కంబళి మాట ఎత్తనివ్వలేదు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అడగండి. అడగలేకపోతే రేపటి నుంచి మీ దగ్గర పెన్సిలు చెక్కిన ఆ అబ్బాయి కింద కూచోండి. అక్కడ ఫ్యాను కూడా వేత్తారట."

"అది నాకు కావాలి," అన్నాను.

"ఏటీ?" అన్నాడు బావమరిది.

"నేనిచ్చినది నాకు కావాలి. పట్టుకురా."

"హుకుం ఇత్తే రేపు సాయంత్రం తెత్తాను. మామూలుగా అడిగితే ఇప్పుడే."

నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది. "ఇస్తావా?" అన్నాను.

అతను చొక్కా జేబులో చెయ్యి పెట్టి, హిందీ పేపరు ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అక్క ఫోన్ చెయ్యగానే తన మిషన్లోంచి తీసి తెచ్చాడట. వచ్చిన దగ్గర్నుంచీ అది అతని జేబులోనే ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. రానందుకు నాకే విడ్డూరంగా అనిపించింది.

కొత్తదీ పాతదీ పక్కపక్కన బిగించాడు. పేర్లు వేరు, సైజులు వేరు. పరీక్ష మొదలైంది. ఎర్రగీత కోసం నేను రెప్ప వెయ్యకుండా చూశాను. ఒక్కటీ రాలేదు. పరీక్ష మొత్తం అయిపోయింది. మళ్ళీ పెట్టించాను. మళ్ళీ శుభ్రం. గ్యాలరీ తెరిచాను. దూలాలు, బోల్టులు, మెట్లు, కమ్ములు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి వచ్చి నిలబడ్డాయి.

"ఆ రెండింటికీ పడలేదు. వీటికెలా పడింది?" అన్నాను.

"నాకూ తెలీదు బావగారూ. నిజంగా తెలీదు."

భయం తగ్గాక కూడా ఆ నిర్ఘాంతం తగ్గలేదు. పేరు చూసి కొన్నది పేరులోనే అబద్ధం. వద్దని తోసేసినది లోపల నిక్షేపంగా పనిచేస్తోంది. ఏ పుస్తకంలోనైనా దీనికి కారణం ఉండే ఉంటుంది. నేను వెతకలేదు.

మర్నాడు ఆదిత్యపూర్‌లో ఆ సంస్థ మేనేజరు ముందు ల్యాప్‌టాప్ తెరిచాను. ఆయన పక్కన ఇద్దరు ఇంజినీర్లు. గ్యాలరీ తెరుచుకోవడం మొదలుపెట్టగానే నేను తెర చూడటం మానేసి ఆయన మొహం చూశాను. నీలం వస్తే ఆయన కళ్ళద్దాల్లో ముందు కనబడుతుంది. రాలేదు. ఆయన దాన్ని తిప్పమన్నారు, తిప్పాను. పైకప్పు తీసి లోపల చూపించమన్నారు, చూపించాను. మిషను రెండు క్షణాలు ఆలోచించిన ప్రతిసారీ నా వెన్ను కుర్చీని వదిలి ముందుకొచ్చేది. ఒకచోట మెట్ల పక్క కమ్మి తక్కువ ఎత్తులో ఉందని ఒక ఇంజినీరు పట్టుకున్నాడు. అక్కడికక్కడే మార్చి చూపించాను. దానికీ మిషను ఆగలేదు. మేనేజరు లేచి, సోమవారం వచ్చి మిగతావి తీసుకెళ్ళండి అని హిందీలో అని, ఇంకో గదిలోకి వెళ్ళిపోయారు. అంతే. మిషను మూసి సంచిలో పెట్టుకున్నాను.

బయట గేటు దగ్గర ఎండలో నిలబడి మొబైల్ తీశాను. మొబైల్ ఫోన్లు అప్పుడప్పుడే మాలాంటివాళ్ళ చేతుల్లోకి వస్తున్నాయి. ఎవరికి చేస్తున్నానో అవతల గొంతు వినబడేదాకా నేను గమనించుకోలేదు.

"ఏటి బావగారూ. ఆగిపోనాదా?"

"లేదు. పని వచ్చింది."

అవతల కింద గోదాములో ఎవరో బస్తా దించిన శబ్దం, ఎవరో తుమ్మిన శబ్దం వినిపించాయి.

"అక్కకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"మరి ముందు నాకు చేసారేటి?"

లోపలికి పోతున్న లారీకి దారి ఇస్తూ, ఫోన్ చెవికి అలాగే ఉంచుకుని పక్కకు జరిగాను. అతనూ పెట్టెయ్యలేదు.