ఏ, జీ చివరనున్న మాటలు

ఉదయం అయిదూ పదికి కంపెనీ బస్సు ఒమాన్‌లోని సోహార్‌లో మా క్యాంపు గేటు ముందు ఆగింది. రోజూ అదే వేళకు ఆగుతుంది. ఎక్కి కూర్చున్నాక పక్క సీట్లోని అన్న కుడి అరచెయ్యి చాపి నా ఒళ్లో పెట్టాడు, రాయమని.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్ద, రూమ్‌లో నా పక్క మంచం ఆయనది. సైట్‌లో బరువులు మోసే హెల్పర్. నేను అదే సైట్‌లో స్టోర్ చూస్తాను. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేకపోతుంటే, క్రేన్ కింద నిలబడి ఆపరేటర్‌కు చేతి సైగలిచ్చే పనికి మార్చమని ఆయన అడిగాడు. ఇంగ్లీషు పరీక్ష పాసైతే మారుస్తామన్నారు ఆఫీసువాళ్లు. పాస్ కాకపోతే కాంట్రాక్టు ముగియగానే ఇంటికి పంపేస్తారు. ఆ మోకాళ్లతో ఊళ్లో పొలం పని కూడా చెయ్యలేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పరీక్షలో సైట్‌లో వాడే చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు కార్డుల మీద చూపించి అర్థం అడుగుతారు. అన్నకు అక్షరాలు వచ్చు, మాటలు రావు. పుస్తకం ఇస్తే నిద్రపోయేవాడు. అందుకని చివర ఏ, జీ ఉండే మాటలతో మొదలుపెట్టాను. బ్యాగ్ ఆయనకు తెలిసిందే. ముందున్న బీ తీసి టీ పెడితే ట్యాగ్, లోడ్‌కు కట్టే గుర్తు చీటీ. ఎస్ పెడితే స్యాగ్, నడుమ కిందికి వంగడం. ఆర్ పెడితే ర్యాగ్, నూనె తుడిచే గుడ్డపీలిక. ఎల్ పెడితే ల్యాగ్, వెనకబడటం.

"గింతేనా తమ్మీ? తోక అదే, తలకాయె మారుతది" అన్నాడు.

పొద్దున బస్సులో ఎవరూ మాట్లాడరు. అది కంపెనీ పెట్టిన నియమం కాదు. డ్యూటీకి ముందు ఇంకాస్త నిద్ర దొరికేది అక్కడే కాబట్టి అందరూ పాటిస్తారు. అందువల్ల నేను వేలితో ఆయన అరచేతిలో మాట రాసేవాణ్ని, ఆయన అర్థం చేత్తో చూపించేవాడు. స్యాగ్ రాస్తే తువ్వాలును రెండు పిడికిళ్లతో పట్టుకుని నడుమ వదులు చేసేవాడు. న్యాగ్ అంటే సతాయించడమని, పరీక్షకు అక్కర్లేదని ఒకసారి రూమ్‌లో చెప్పాను. మర్నాడు ఊరికే అది రాశాను. ఫోను చెవికి ఆనించుకుని, అవతల భార్య ఉన్నట్టు చాలాసేపు తలూపాడు. నాకు నవ్వాగలేదు.

వెనక సీట్లో, మేం కడప భాయ్ అని పిలిచే ఆయన ఒక కన్ను తెరిచాడు. "ఏం అన్నా, పొద్దన్నే చెయ్యి సూపిచ్చుకుంటాండావు? ఇంగో పెండ్లి రాసుందా?"

"ఉన్నదట. పెండ్లిపెద్దవు నువ్వేనట. పండుకో."

పరీక్ష రోజు అక్కడ కావాలన్న లోడ్ ఎత్తే బెల్టులు స్టోర్ నుంచి తీసుకెళ్లి నేనూ పరీక్ష గదిలోనే ఉన్నాను. పరీక్ష పెట్టేది ఒక ఒమానీ ఇంజనీరు. మొదటి కార్డు స్యాగ్. అన్న దాన్ని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి పిడికిళ్ల మధ్య పట్టుకుని వదులు చేశాడు. రెండో కార్డు ట్యాగ్. మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు ఎత్తి చూపించాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాటలు ఆయనకు చేతుల్లోకి వచ్చాయి గానీ నోటితో అనే అలవాటు కాలేదు.

ఇంజనీరు హిందీలో, నోటితో చెప్పమన్నాడు. అన్న నా వైపు చూశాడు. నేను అక్కడ మాట సాయం చెయ్యకూడదు. మూడో కార్డు ల్యాగ్. అన్న లేచి నిలబడ్డాడు. ఇంజనీరును కూడా లేచి తలుపు దాకా నడవమని చేత్తోనే కోరాడు. ఏమనుకున్నాడో, ఆయన నడిచాడు. అన్న వెనక, ఆ మోకాళ్లతో నిదానంగా నడిచాడు. తలుపు దగ్గర ఇంజనీరు వెనక్కి తిరిగి, తమ మధ్య ఉన్న దూరం చూసి నవ్వాడు. మళ్లీ కూర్చోబెట్టి కార్డులన్నీ ఒక్కసారి పైకి చదవమన్నాడు. అన్న చిన్నగా చదివాడు. ఒక్క తప్పూ పోలేదు.

"క్రేన్ నడుస్తుంటే నోరు ఎవరికి వినిపిస్తుంది? చేతి సైగ సాఫ్‌గా ఉంది" అని హిందీలోనే అని, సంతకం పెట్టాడు. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లు అన్న క్రేన్ కిందే పని చేశాడు. నేను చాలా పుస్తకాలు చదివాను, ఇప్పటికీ చదువుతాను. చదువు వల్ల ఇంకొకరికి పని జరగడం దగ్గరుండి చూసింది మాత్రం అన్న వల్లనే. నా స్టోర్ ఆఫీసు పై అంతస్తులో ఉంటుంది. మధ్యాహ్నం ఆయన మెట్ల కింద నిలబడి లోడ్ దించమనే సైగ చేసేవాడు, చూపుడువేలు నేలవైపు పెట్టి గుండ్రంగా తిప్పుతూ. నన్ను అన్నానికి దిగమని.

పోయిన ఏడాది సెలవు మీద వెళ్లి, ఇంట్లో నిద్రలోనే పోయాడు. ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పి, వదినకు ఇచ్చాడు. ఆమే ముందు మాట్లాడింది.

"నిలవడి చేసే పని, మోకాళ్లు మంచిగున్నయ్ అనేటోడు సారూ. మీ పేరు శానా చెప్పేటోడు."

ఆ మాట నాకు చాలు. అన్నం డబ్బా పొద్దున్నే పైకి తెచ్చుకుంటున్నాను. మధ్యాహ్నం కిందికి దిగడం లేదు.