కొట్టం తలుపు మీద నోటీసు

సర్కారు అంటే ఒక్క మనిషేనని నా చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. ఆ మనిషి ఢిల్లీలో ఉంటాడని, పోలీసులూ, రోడ్లు వేసేవాళ్లూ, మా బడి పంతులమ్మా అందరూ ఆయన మాటే వింటారని, ఆయనకు కోపం వస్తే ఇక అడ్డుపడేవాళ్లే ఉండరని అనుకునేదాన్ని. అందుకే మా బర్రెల కొట్టం తలుపు మీద ఎవరో వచ్చి నోటీసు అంటించి వెళ్లిన రోజు ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

మాది పురానాపూల్ దగ్గర ఒక సందు. ముందు కొట్టం, దాని వెనక రెండు గదుల ఇల్లు, తొమ్మిది బర్రెలు. బాపుకు చదువు రాదు. నోటీసు ఇంగ్లీషులో ఉంటే మలుపు మీది కిరాణా దుకాణం ఆయన చదివి చెప్పాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కొట్టం అడ్డం వస్తోంది, ఏడు రోజుల్లో ఖాళీ చేయకపోతే వాళ్లే వచ్చి కూలగొడతారు. మర్నాడు, ఆ మర్నాడు కూడా బాపు మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లాడు. రెండుసార్లూ లోపలికి పోనివ్వలేదట. బయటి గుమాస్తా "పైనుంచి ఆర్డర్" అని పంపించేశాడట. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నాయనమ్మ కొట్టం గడపలో కూర్చుని గోడను తడుముతూ ఉండేది. ఒక బర్రె చూడితో ఉంది, రేపో మాపో ఈనేట్టు ఉంది. దాన్ని ఎక్కడికి తోలుకుపోతామన్నది అమ్మ ఫికరు.

పైన అంటే నా లెక్కలో ఢిల్లీయే. నాలుగో రోజు ఒక కార్డు మీద రాశాను. మా బర్రె కడుపుతో ఉంది, దూరం నడవలేదు, మా కొట్టం కూలగొట్టొద్దని మీ మనుషులకు చెప్పండి అని. ప్రధానమంత్రి గారు, ఢిల్లీ అని చిరునామా పెట్టాను. తీరా వెళ్తే పోస్టు డబ్బా నోరు నాకు అందలేదు. మునివేళ్ల మీద ఎగురుతూ ఏడుస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కార్డు అందుకుంది. పక్కింటి అక్క.

ఆ అక్క వాళ్ల నాన్న దగ్గరలోని గుడిలో పూజారి. ఆమె లా చదివి, ఒక ముసలి వకీలు దగ్గర పని నేర్చుకుంటోంది. నల్లకోటు వేసుకుని సందులో నడుస్తుంటే జనం వింతగా చూసేవాళ్లు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ రెండేళ్లుగా మాటల్లేవు. మా కొట్టం పేడనీళ్లు వాళ్ల వాకిట్లోకి పోతున్నాయని లొల్లి. అందుకే నోటీసు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అక్క కార్డు చదివింది. నవ్వుతుందేమోనని నేను తల దించుకున్నాను. ఆమె నవ్వలేదు. అక్కడే ఒక మూసిన దుకాణం మెట్టు మీద నన్ను కూర్చోబెట్టుకుంది.

"ఢిల్లీకి రాస్తే ఏం లాభం లేదే. సైన్యం, రైళ్లు, గిసొంటివి ఢిల్లీ చూసుకుంటది. ఊరి రోడ్లు, మున్సిపాలిటీలు మన రాష్ట్రం చూసుకోవాలె. ఎవరి పని ఏందో రాజ్యాంగంల ముందుగాలనే రాసిపెట్టిన్రు."

"మరి ఇక్కడి సర్కారుకు రాస్తే?"

"ఇక్కడ గూడ సర్కారంటే ఒక్కరు కాదు. చట్టం చేసేది అసెంబ్లీ. ఆ చట్టం ప్రకారం పని చేసేది ఆఫీసులోళ్లు. వాళ్లు సక్కగ చేసిన్రా లేదా అని చూసేది కోర్టు."

"వాళ్లందర్ల పెద్ద ఎవరక్కా?"

"ఎవ్వరు పెద్ద కాదు. అందరు ఆ రాసిన దానికే లోబడాలె" అంది. ఆ మాటకు నా భయం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. పెద్దవాడంటూ ఒకడు ఉంటే కనీసం కాళ్లు పట్టుకోవచ్చు. ఎవరూ లేకపోతే ఎవరిని బతిమాలాలి?

ఆ సాయంత్రం అక్క మా ఇంట్లో అడుగుపెట్టింది. బాపు చప్పున లేచి నిలబడ్డాడు. నోటీసు తెప్పించుకుని చదివి ఆమె ఒక్కటే అడిగింది.

"కాకా, కూలగొడతమని చెప్పే ముందు నీ మాట ఎవరన్న విన్నరా?"

"ఎవరు విన్నరు బిడ్డా. రెండుసార్లు పోయిన. లోపలికే రానియ్యలే."

"వినాలె. చట్టంల ఉన్నది. వినకుంటే కోర్టుకు పోవచ్చు."

బాపు అడ్డంగా తల ఊపాడు. "సర్కారు మీద కేసేస్తే మమ్మల్ని బతకనిస్తరా?"

"కోర్టును పెట్టిందే అందుకు కాకా. అడుగుడు తప్పు కాదు."

మిగిలిన రెండు రోజులూ కాగితాలు తయారు చేయడంతోనే గడిచిపోయాయి. ఏడో రోజు పొద్దున బాపు, అక్క, ఆ ముసలి వకీలు కలిసి హైకోర్టుకు వెళ్లారు. మా సందు నుంచి నడిచిపోయే దూరమే. అయినా పది దాటింది, పదకొండు దాటింది, వాళ్లు రాలేదు. లారీ వచ్చింది. గడ్డపారలతో కూలీలు దిగారు. ఒక ఆఫీసరు, ఇద్దరు పోలీసులు. నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. అమ్మ చేతులు జోడించి, ఆయన కోర్టుకు పోయిండు, జర ఆగున్రి సారూ అని బతిమాలింది. ఆఫీసరు గడియారం చూసుకుంటూ కాసేపు ఆగాడు. తర్వాత చెయ్యి ఊపాడు. పైకెక్కిన కూలీలు ముందు వైపు రెండు రేకులు లాగి కింద పడేశారు. ఆ చప్పుడుకు బర్రెలు బెదిరి పలుపుతాళ్లు గుంజుకోసాగాయి. చూడిబర్రె మెడ చుట్టూ చేతులు వేసి నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. దాని గుండె దడదడ నా చెంపకు తెలుస్తోంది.

మూడో రేకు ఊడుతుండగా అక్క గొంతు వినిపించింది. నల్లకోటు చెమటతో తడిసి ముద్దయింది. చేతిలో కోర్టు కాగితం, వెనక రొప్పుతూ బాపు. ఆఫీసరు ఆ కాగితం ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. చింపేస్తాడనే అనుకున్నాను. ఆయన చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని, పైకి చూసి "దిగున్రి" అన్నాడు. వెళ్లబోతూ నాయనమ్మ దగ్గర ఆగాడు.

"నన్ను తిట్టుకోకమ్మా. చెయ్యమని రాసిచ్చిన్రు, చేసిన. కోర్టు ఆపుమన్నది, ఆపిన."

లారీ వెళ్లిపోయాక చాలాసేపు నేను ఆ బర్రెను వదల్లేదు. సర్కారు మనిషిని సర్కారు కాగితమే ఆపిందన్న సంగతి నా బుర్రకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది.

మేము గెలిచామని చెప్పను. రెండు నెలలకు బాపును ఆఫీసుకు పిలిచారు. ఈసారి కుర్చీ వేశారట. రోడ్డు ఊరికి కావాలన్నది నిజమే కాబట్టి కొట్టం పోయింది. కానీ ఇల్లు మిగిలింది, బర్రెలకు సైదాబాద్ అవతల జాగా చూపించారు. ఆ లోపల మా బర్రె చల్లగా ఈనింది. ఆ జున్ను మొదటి గిన్నె అమ్మ నా చేతే పక్కింటికి పంపించింది. పూజారి గారు తలుపు తీసి, రెండు చేతులా గిన్నె అందుకున్నారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటింది. జల్‌పల్లిలో మా కాలనీలో ఎవరింటికి ఏ ఆఫీసు నుంచి కాగితం వచ్చినా నా దగ్గరికి పట్టుకొస్తారు. ఈ మధ్య ఫోన్లలో కూడా వస్తున్నాయి. నాకేదో ధైర్యం ఎక్కువని వాళ్లు అనుకుంటారు. నిజానికి ముద్ర ఉన్న కాగితం చూస్తే ఇవాళ్టికీ నాకు భయమే. అయినా అడగాల్సినవి అడుగుతాను. ఇది పంపింది ఎవరు, ఏ చట్టం కింద పంపారు, పంపే ముందు మీ మాట విన్నారా, వినకపోతే ఎవరిని అడగాలి. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ధైర్యం కాదు, ఈ ప్రశ్నలే. అవి అడిగేశాక, ఆ భయంతోనే చెప్పులు వేసుకుని వాళ్ల వెంట బయలుదేరుతాను.